బయాప్సీ, పైపు, నడుము ఇంజెక్షన్: అల్ట్రాసౌండ్‌తోనా, సీటీలోనా, సీ-ఆర్మ్ కిందా? ఎవరికి ఏది సరిపోతుంది

డాక్టర్ చీటీ మీద "యూఎస్‌జీ గైడెడ్ బయాప్సీ" అని, అంటే అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ సూదితో గడ్డలోంచి ముక్క తీయాలని రాస్తారు, సెకండ్ ఒపీనియన్‌కి ఇంకో ఆస్పత్రికి పోతే "సీటీ గైడెడ్ అయితేనే మంచిది" అంటారు, ఈలోపు ఫ్యామిలీ గ్రూపులో ఎవరో బాబాయి "ఎంఆర్ఐలో అయితే రేడియేషనే ఉండదంట, అది అడగండి" అని మెసేజ్ పెడతాడు, ఇంక అక్కడి నుంచి ఇల్లంతా ఆగమాగం. పంజాగుట్ట నిమ్స్ ఓపీలో అయినా, రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి బయట అయినా, గచ్చిబౌలి వైపు కార్పొరేట్ ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర అయినా అటెండెంట్లు అడిగేది ఒకటే: "వీటిలో ఏది సేఫ్ అన్నా?"

నేను డాక్టర్ని కాదు. రేడియాలజీ టెక్నీషియన్ని, మెషిన్ పక్కన నిలబడి ఇవన్నీ రోజూ చూసేవాణ్ణి. ఏ మందు ఆపాలి, ప్రొసీజర్ చేయాలా వద్దా అనేది మీ డాక్టరే చెప్పాలి, అందులో నేను వేలు పెట్టను. ఏ పద్ధతి ఎందుకు రాస్తారో, ఆ గదిలోకి పోయే ముందు ఏం అడగాలో మాత్రం చెప్తా.

మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది, మెషిన్ ఎంత పెద్దదైతే, బిల్లు ఎంత ఎక్కువైతే అంత సేఫ్ అని. అట్లా ఏం ఉండదు. గడ్డ, సూది మొన, ఈ రెంటి మధ్యలో ఉన్న రక్తనాళాలు, పేగులు, ఇవన్నీ చేసే డాక్టర్‌కి తెర మీద ఎంత బాగా కనిపిస్తే అంత సేఫ్. ఒకరికి అది చిన్న అల్ట్రాసౌండ్ మెషిన్‌లోనే కనిపిస్తుంది, ఇంకొకరికి కోట్ల మెషిన్‌లో పెట్టినా కనిపించదు. గడ్డ ఎక్కడ ఉంది అన్నదాన్ని బట్టే అంతా.

అసలు గైడెన్స్ అవసరమా, పాతకాలంలో చేత్తో చూసి గుచ్చేవాళ్ళు కదా అని కూడా అడుగుతారు. గుచ్చేవాళ్ళు, నిజమే. ఐసీయూలో మెడ దగ్గర పెద్ద సిరలోకి లైన్ వేస్తారు కదా, దాన్ని చాలా ఏళ్లు మెడ కండరాల గుర్తులు చూసుకునే వేసేవాళ్ళు. కాకపోతే ఆ సిర పక్కనే మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమని ఉంటుంది, కొంతమందిలో సిర సరిగ్గా దాని మీదకే వచ్చి ఉంటుంది, చేత్తో తడిమితే ఆ సంగతి తెలియదు. అల్ట్రాసౌండ్ పెడితే రెండూ విడివిడిగా కనిపిస్తాయి, చర్మం మీద పెట్టే ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే సిర చదునైపోతుంది, ధమని కొట్టుకుంటూనే ఉంటుంది. బ్రిటన్‌లో వైద్యానికి గైడ్‌లైన్స్ ఇచ్చే నైస్ సంస్థ 2002లోనే మెడ లైన్లకి అల్ట్రాసౌండ్ చూసుకుంటూ వేయాలని చెప్పింది, దానికి ఒక ఏడాది ముందు అమెరికాలో ఏహెచ్ఆర్‌క్యూ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ రిపోర్టు పేషెంట్ సేఫ్టీకి బాగా ఆధారం ఉన్న పద్ధతుల్లో దీన్ని పెట్టింది. కాబట్టి మీవాళ్ళు ఐసీయూలో ఉండి సెంట్రల్ లైన్‌కి సంతకం అడిగితే "అల్ట్రాసౌండ్‌తో వేస్తారా?" అని అడగడం తప్పేం కాదు, ఎవరూ ఏం అనుకోరు.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

కనిపించడం. అన్నిటికంటే ముందు ఇదే. గాలి, ఎముక అల్ట్రాసౌండ్‌ని అడ్డుకుంటాయి. మామూలు ఎక్స్‌రే బొమ్మలో లివర్ లోపలి గడ్డ కనిపించదు. సీటీలో దాదాపు అన్నీ కనిపిస్తాయి గానీ సూది కదులుతున్నప్పుడు కాదు. రొమ్ములో, ప్రోస్టేట్‌లో కొన్ని మచ్చలు ఎంఆర్ఐలో తప్ప ఎక్కడా సరిగ్గా కనిపించవు.

దారి. చర్మం నుంచి గడ్డ దాకా సూది పోయే దారిలో ఏం ఉంది? మధ్యలో పేగు, పెద్ద రక్తనాళం, ఊపిరితిత్తి ఉంటే గడ్డ ఎంత స్పష్టంగా కనిపించినా లాభం లేదు, ఇంకో వైపు నుంచి పోవాలి, లేదా పద్ధతే మార్చాలి.

రేడియేషన్. దీని గురించి భయం చాలా ఎక్కువ, లెక్క తక్కువ మందికి తెలుసు. ఏమీ చేయించుకోకపోయినా భూమి నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్ వస్తూనే ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 లేదా అంతకంటే తక్కువ. మామూలు ఛాతీ సీటీ సుమారు 7. మాలాంటి స్టాఫ్‌కి ఏఈఆర్‌బీ (దేశంలో రేడియేషన్ భద్రత చూసే బోర్డు) పెట్టిన లిమిట్ ఐదేళ్ల సగటున ఏడాదికి 20, అందుకే మా జేబుకి డోస్ లెక్కపెట్టే టీఎల్‌డీ బ్యాడ్జ్ ఉంటుంది. గైడెన్స్ కోసం తీసే సీటీలో మొత్తం ఛాతీ తీయరు, గడ్డ ఉన్న భాగమే తక్కువ డోస్‌లో తీయొచ్చు, కానీ ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ తీస్తారు. 65 ఏళ్ల పెద్దాయనకి ఊపిరితిత్తిలో క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు ఈ డోస్ చూసి టెస్ట్ వాయిదా వేయడం తెలివైన పని కాదు, నా అభిప్రాయం అది. అదే 20 ఏళ్ల అమ్మాయికి అల్ట్రాసౌండ్‌లో బ్రహ్మాండంగా కనిపించే గడ్డకి సీటీ రాస్తే మాత్రం ఎందుకని కచ్చితంగా అడగాలి.

పేషెంట్ ఒళ్లు. అరగంట కదలకుండా పడుకోగలరా, బోర్లా పడుకోగలరా, చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టగలరా, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా.

చేసే చెయ్యి. అల్ట్రాసౌండ్ విషయంలో ఇది మిగతావాటికంటే చాలా ఎక్కువ ముఖ్యం. ఒక చేత్తో ప్రోబ్, ఇంకో చేత్తో సూది, మొన ఒక్క మిల్లీమీటరు పక్కకి పోయినా తెర మీద నుంచి మాయం. "ఈ ప్రొసీజర్ మీ దగ్గర రెగ్యులర్‌గా చేస్తారా, ఆ రోజు చేసేది ఎవరు?" అని అడగండి.

## అల్ట్రాసౌండ్: కనిపిస్తే ఇంకో ఆలోచన వద్దు

మన ఇళ్లలో "స్కానింగ్" అనేది దీన్నే. రేడియేషన్ లేదు, సూది లోపలికి పోతుండగా లైవ్‌లో చూడొచ్చు, డాప్లర్ ఆన్ చేస్తే రక్తనాళాలు రంగుల్లో కనిపిస్తాయి, ఐసీయూ బెడ్ దగ్గరికే తోసుకెళ్ళొచ్చు, ఖర్చు కూడా మిగతావాటికంటే తక్కువ. థైరాయిడ్ గడ్డకి ఎఫ్ఎన్ఏసీ (సన్న సూదితో కణాలు తీసే పరీక్ష), మెడలో బిళ్ళలు, రొమ్ములో గడ్డ, లివర్ బయాప్సీ, కిడ్నీ బయాప్సీ, లివర్‌లో చీము తీయడం, పొట్టలో లేదా ఊపిరితిత్తి చుట్టూ నీరు తీయడం, వెరికోస్ వెయిన్స్‌కి లేజర్, వీటన్నిటికీ మొదట ఆలోచించాల్సింది ఇదే.

ఊపిరితిత్తి చుట్టూ నీరు గురించి ఒక మాట. ఎక్స్‌రే చూసి వీపు మీద వేలితో కొట్టి శబ్దం విని గుచ్చే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. నీరు ఎక్కువ ఉంటే సరే, కొంచెం ఉన్నా, గదులు గదులుగా కట్టి ఉన్నా స్కానింగ్ లేకుండా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలి దాని చుట్టూ గాలి చేరే ఛాన్స్ పెరుగుతుంది. ఇంకోటి, పొద్దున స్కానింగ్ రూంలో పెన్నుతో మార్క్ పెట్టించి, సాయంత్రం వార్డులో ఆ మార్క్ మీద గుచ్చితే అది గైడెన్స్ కిందకి రాదు, పేషెంట్ కూర్చునే తీరు మారితే లోపల నీరూ జరుగుతుంది. మార్క్ పెట్టినా సరే అదే పొజిషన్‌లో, వెంటనే చేయాలి.

మెడలో బిళ్ళలకి బయాప్సీ చేయించేవాళ్ళు ఇది మర్చిపోకండి. మన దగ్గర మెడ బిళ్ళ అంటే టీబీ అనుమానం ఎప్పుడూ ఉంటుంది. తీసిన ముక్కలన్నీ ఫార్మలిన్ డబ్బాలో వేసేస్తే అందులో టీబీ కల్చర్ చేయలేరు, ఫార్మలిన్‌లో బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కొంత ముక్క సెలైన్‌లో విడిగా వేసి కల్చర్‌కి, సీబీనాట్ అనే టీబీ జన్యు పరీక్షకి పంపాలి. "టీబీ టెస్టులకి కూడా శాంపిల్ పక్కన పెడుతున్నారా సార్?" అని సూది పడకముందే అడిగితే రెండోసారి గుచ్చించుకునే బాధ తప్పుతుంది.

ఎక్కడ చేతులెత్తేస్తుంది అంటే, ఊపిరితిత్తి లోపల ఉన్న గడ్డ, ఎముక లోపలి గడ్డ, గ్యాస్ నిండిన పేగుల వెనక దాక్కున్న గడ్డ, బాగా లావుగా ఉన్నవాళ్ళలో లోతున ఉన్నవి. అయితే ఊపిరితిత్తి గడ్డ పక్కటెముకల గోడకి ఆనుకుని ఉంటే అల్ట్రాసౌండ్‌లోనే కనిపిస్తుంది. ఆ ఒక్క ముక్క తెలియక సీటీ డేట్ కోసం వారం వెయిట్ చేసేవాళ్ళు ఉన్నారు, సీటీ రిపోర్టులో "ఛాతీ గోడకి ఆనుకుని" అనే అర్థం వచ్చే లైన్ ఉందేమో డాక్టర్‌తో చూపించుకోండి.

మంచం పట్టిన పెద్దవాళ్ళ కోసం "మెషిన్ ఇంటికి తెచ్చి చేస్తారా?" అని కూడా అడుగుతుంటారు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకుండా ఆపడానికి తెచ్చిన 1994 చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మెషిన్‌కీ రిజిస్ట్రేషన్ ఉంటుంది, రిజిస్టర్ చేసిన చోటే వాడాలి. సెంటర్ వాళ్ళు రాము అంటే బద్ధకం అనుకోకండి.

## సీటీ: ఊపిరితిత్తికి, లోతుకి

సీటీలో జరిగేది ఇది: ఒక స్కాన్ తీస్తారు, చర్మం మీద గుర్తు పెడతారు, తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు, సూది కొంచెం దించుతారు, అందరం బయటికి వస్తాం, మళ్ళీ స్కాన్, కోణం సరిచేస్తారు, ఇంకొంచెం దించుతారు, మళ్ళీ స్కాన్. అంటే అల్ట్రాసౌండ్ వీడియో అయితే సీటీ వరుసగా తీసిన ఫొటోలు, ఫొటోకీ ఫొటోకీ మధ్య పేషెంట్ ఎక్కువ ఊపిరి పీల్చినా, దగ్గినా గడ్డ జరిగిపోతుంది. సీటీ ఫ్లోరోస్కోపీ అని లైవ్‌లాంటి పద్ధతి ఉంది, దాంట్లో టైం తగ్గుతుంది కానీ చేసే డాక్టర్ చేతులకీ, పేషెంట్‌కీ డోస్ పెరగొచ్చు కాబట్టి ఆచితూచి వాడతారు.

ఊపిరితిత్తి లోపలి గడ్డకి, వెన్నెముక ఎముకకి, కిడ్నీల వెనక లోతున ఉన్న గడ్డలకి, పేగుల మధ్య చీము గడ్డలో పైపు వేయడానికి దీన్ని మించింది లేదు. ఊపిరితిత్తి బయాప్సీ మాత్రం రిస్క్ తెలుసుకునే చేయించుకోవాలి. గాలి చేరడం అనేది వందలో సుమారు 15 నుంచి 25 మందిలో కనిపిస్తుంది, వినగానే గుండె ఆగినంత పనవుతుంది గానీ అందులో ఎక్కువమందికి అది కొంచెమే, ఆక్సిజన్ పెట్టి ఎక్స్‌రేలో చూస్తూ ఉంటే దానంతట అదే పోతుంది, పైపు వేయాల్సి వచ్చేది చాలా తక్కువ మందికి. పొగ తాగి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళకి, గడ్డ చిన్నగా లోతుగా ఉన్నవాళ్ళకి ఈ రిస్క్ ఎక్కువ. తర్వాత గుచ్చిన వైపే కిందికి పెట్టి పడుకోమంటారు, అది ఊరికే చెప్పేది కాదు, బరువుకి ఆ రంధ్రం మూసుకోవడానికి సాయపడుతుంది. దగ్గులో కొంచెం రక్తం పడటం కూడా మామూలే, ఎక్కువైతే కాదు.

గడ్డ ఛాతీ మధ్యలో పెద్ద గాలి గొట్టాల పక్కన ఉంటే బయట నుంచి సూది కంటే నోట్లోంచి పోయే బ్రాంకోస్కోపీ, ఈబస్ (దాని కొసనే అల్ట్రాసౌండ్ ఉండే రకం) మంచి దారి. సీటీ రాశారు కదా అని అదే పట్టుకుని కూర్చోకండి, "పల్మనాలజీ వాళ్ళకి లోపల నుంచి అందుతుందా?" అని ఒకసారి అడగండి.

## సీ-ఆర్మ్, క్యాథ్ ల్యాబ్: పైపులు, వైర్లు, వెన్నెముక

ఇది లైవ్ ఎక్స్‌రే. 1964లో చార్లెస్ డాటర్ అనే అమెరికన్ రేడియాలజిస్ట్ ఒక పెద్దావిడ కాలి ధమనిలో అడ్డంకిని ఆపరేషన్ లేకుండా ఇట్లా ఎక్స్‌రేలో చూస్తూ తెరిచాడు, 1977లో జ్యూరిక్‌లో గ్రుంట్సిగ్ గుండె రక్తనాళానికి బెలూన్ వేశాడు. ఇయ్యాల మన ఊళ్ళో యాంజియో, స్టెంట్ అనగానే అందరికీ తెలిసిన క్యాథ్ ల్యాబ్ అంతా అక్కడి నుంచి వచ్చిందే. రక్తనాళాల పనికి దీనికి పోటీ లేదు, గర్భాశయం ఫైబ్రాయిడ్‌కి రక్తం ఆపే ఎంబోలైజేషన్ కూడా ఇక్కడే. ఇందులో మీరు వేరే పద్ధతి ఎంచుకోవడానికి ఏం ఉండదు కాబట్టి తొందరగా నడుము ఇంజెక్షన్ దగ్గరికి వస్తా, ఎక్కువమంది అడిగేది అదే.

డిస్క్ నొక్కి కాలు లాగుతుంటే ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. దీన్ని చేత్తో చూసి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, సీ-ఆర్మ్ కింద ఇచ్చేవాళ్ళూ ఉన్నారు, రేటు తేడా ఉంటుంది. నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గర ఇచ్చే రకం అయితే సీ-ఆర్మ్ లేకుండా ఒప్పుకోకండి, ఇది నేను గట్టిగానే చెప్తా. అక్కడ సన్న ధమనులు ఉంటాయి, కొన్ని వెన్నుపాముకి రక్తం ఇచ్చేవి, మందు పొరపాటున వాటిలోకి పోతే కాళ్ళు పడిపోయేంత ప్రమాదం, అరుదే కానీ ఉంది. 2014లో అమెరికా ఎఫ్‌డీఏ ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ల మీద ఇట్లాంటి నరాల ప్రమాదాల గురించే హెచ్చరిక ఇచ్చింది. సీ-ఆర్మ్ కింద ముందు ఎక్స్‌రేలో కనిపించే డై కొంచెం వేస్తారు, అది నరం వెంట పాకుతుందా, రక్తనాళంలో కొట్టుకుపోతుందా అన్నది తెర మీద కనిపిస్తుంది, సరిగ్గా ఉంటేనే మందు. "డై వేసి చూశాకే మందు ఇస్తారా? స్టెరాయిడ్ ఏ రకం?" ఈ రెండూ అడగండి, కరిగిపోయే రకం స్టెరాయిడ్‌లో ఆ రిస్క్ తక్కువ అని చాలామంది డాక్టర్లు అదే ఎంచుకుంటారు.

సీ-ఆర్మ్‌లో మెత్తటి అవయవాలు కనిపించవు, ఎముక, లోహం, డై మాత్రమే. అందుకే కిడ్నీలో పైపు వేసేటప్పుడు, కామెర్లలో పిత్తనాళానికి పైపు వేసేటప్పుడు మొదటి పోటు అల్ట్రాసౌండ్ చూసుకుంటూ, ఆ తర్వాత వైరు, పైపు సీ-ఆర్మ్ చూసుకుంటూ చేస్తారు. బిల్లులో రెండూ కనిపిస్తే డబుల్ చార్జ్ వేశారని గొడవ పెట్టుకోకండి, రెండిటికీ పని ఉంటుంది.

రేడియేషన్ సంగతి ఇక్కడ వేరు. చిన్న నడుము ఇంజెక్షన్‌కి కొద్ది సెకన్ల ఎక్స్‌రే చాలు. గంటల తరబడి సాగే కష్టమైన గుండె, మెదడు ప్రొసీజర్లలో మాత్రం ఒకే చోట చర్మం మీద డోస్ పేరుకుంటుంది, అది 2 గ్రే (చర్మం తీసుకున్న డోస్‌ని కొలిచే యూనిట్) దాటితే ఎర్రబడటం మొదలవ్వొచ్చు, 1994లోనే ఎఫ్‌డీఏ దీని మీద డాక్టర్లని అలర్ట్ చేసింది. అట్లాంటి పెద్ద ప్రొసీజర్ అయినవాళ్ళు తర్వాత వారాల్లో వీపు మీద చతురస్రంగా ఎర్రటి మచ్చ వస్తే స్కిన్ డాక్టర్‌కి "నాకు ఫలానా ప్రొసీజర్ అయింది" అని చెప్పాలి, లేకపోతే గజ్జి మందు రాసి పంపుతారు.

## ఎంఆర్ఐ, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్, మామోగ్రఫీ

ఎంఆర్ఐ లోపల సూది వేయడం చాలా కొద్దిచోట్లే చేస్తారు, అయస్కాంతం దగ్గరికి మామూలు సూది కూడా తీసుకుపోలేం, అన్నీ స్పెషల్ సామాన్లు కావాలి, టైం ఎక్కువ. మామోలో (రొమ్ము ఎక్స్‌రే), స్కానింగ్‌లో కనిపించకుండా ఎంఆర్ఐలో మాత్రమే కనిపించే రొమ్ము మచ్చకి ఇది నిజంగా అవసరం. మిగతావాళ్ళకి "రేడియేషన్ లేదు" అనే ఒక్క కారణంతో దీని వెంట పడటం దండగ, రేడియేషన్ లేనిది కావాలంటే అల్ట్రాసౌండ్ ఉంది కదా.

ప్రోస్టేట్ విషయంలో మాత్రం ఎంఆర్ఐ ఆట మార్చేసింది. ముందుగా ఎంఆర్ఐ తీసి, ఆ బొమ్మని అల్ట్రాసౌండ్ తెర మీద కలిపి అనుమానం ఉన్న చోటే ముక్క తీస్తారు, ఫ్యూజన్ బయాప్సీ అంటారు. 2018లో వచ్చిన ప్రెసిషన్ ట్రయల్‌లో 500 మందిని చూస్తే ఎంఆర్ఐ ఆధారంగా పోయిన గ్రూపులో ట్రీట్‌మెంట్ అవసరమైన రకం క్యాన్సర్ 38 శాతం మందిలో దొరికింది, పాత పద్ధతిలో 26 శాతం. నాన్నగారికి పీఎస్ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష) ఎక్కువ వచ్చిందంటే బయాప్సీకంటే ముందే ఎంఆర్ఐ తీయించండి, బయాప్సీ అయ్యాక తీస్తే లోపల పేరుకున్న రక్తం బొమ్మని పాడు చేస్తుంది.

పాంక్రియాస్ గడ్డకి పొట్ట మీద నుంచి సూది కంటే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చాలావరకు మంచిది. నోట్లోంచి పోయి కడుపు గోడ అవతలే ఉన్న పాంక్రియాస్‌ని దగ్గర నుంచి చూస్తారు, సూది ప్రయాణం చాలా తక్కువ. మత్తు ఇస్తారు కాబట్టి ఖాళీ కడుపుతో పోవాలి. గ్యాస్ట్రో విషయంలో హైదరాబాద్‌కి దేశమంతా పేరుంది, ఈ సౌకర్యం కోసం ముంబై పోవాల్సిన పని లేదు.

రొమ్ములో గడ్డ లేకుండా ఇసుక రేణువుల్లాంటి కాల్షియం చుక్కలు మామోలో మాత్రమే కనిపిస్తే స్టీరియోటాక్టిక్ బయాప్సీ, అంటే మామోగ్రామ్ చూసుకుంటూనే తీస్తారు. అక్కడ మామూలు స్కానింగ్‌తో ప్రయత్నిస్తే ముక్కలో ఆ చుక్కలు రాకపోవచ్చు.

## ఒక చూపులో

| | అల్ట్రాసౌండ్ | సీటీ | సీ-ఆర్మ్ / క్యాథ్ ల్యాబ్ | ఎంఆర్ఐ |
|---|---|---|---|---|
| రేడియేషన్ | లేదు | ఉంది | ఉంది, ఎంతసేపు అన్నదాన్ని బట్టి | లేదు |
| సూది లైవ్‌లో | కనిపిస్తుంది | ఆగి ఆగి | కనిపిస్తుంది, కానీ మెత్తటి భాగాలు కనిపించవు | సాధారణంగా ఆగి ఆగి |
| బాగా పనికొచ్చేది | థైరాయిడ్, లివర్, కిడ్నీ, నీరు, సిరలు | ఊపిరితిత్తి, ఎముక, లోతు గడ్డలు | రక్తనాళాలు, వెన్నెముక, పైపులు | కొన్ని రొమ్ము, ప్రోస్టేట్ కేసులు |
| ఇబ్బంది | గాలి, ఎముక, లావు | ఊపిరి కదలిక | డై వల్ల కిడ్నీ, అలర్జీ | పేస్‌మేకర్, లోహం, ఇరుకు |
| ఖర్చు | తక్కువ | మధ్య | ప్రొసీజర్‌ని బట్టి చాలా తేడా | ఎక్కువ |

## మీ పరిస్థితిని బట్టి

గుండెకి స్టెంట్ వేసి క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్ళు: లోతు బయాప్సీకి ముందు కొన్నిరోజులు మందు ఆపమంటారు, కానీ స్టెంట్ కొత్తదైతే ఆపడమే ప్రమాదం. రేడియాలజీ రిసెప్షన్‌లో ఆపమన్నారని ఆపేయకండి, కార్డియాలజిస్ట్‌తో ఒక మాట చెప్పించండి. థైరాయిడ్ ఎఫ్ఎన్ఏసీ లాంటి పై పై వాటికి చాలాసార్లు ఆపాల్సిన అవసరమే రాదు. ప్లేట్‌లెట్లు 50 వేలకంటే తక్కువున్నా, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 1.5 నుంచి 1.8 దాటినా లివర్, కిడ్నీ లాంటి లోతు వాటికి ముందు అది సరిచేస్తారు.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళు: డై అవసరం లేని దారి ఉందా అని అడగండి, అల్ట్రాసౌండ్‌కి డై అక్కర్లేదు, సీటీ గైడెడ్ బయాప్సీ చాలావరకు డై లేకుండానే అవుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంటే ఆ సంగతి డై వేయకముందే చెప్పాలి. రొయ్యలు పడవు కాబట్టి డై కూడా పడదు అని చాలామంది భయపడతారు, ఆ రెంటికీ సంబంధం లేదు, ఇంతకుముందు డై వేసినప్పుడే దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే అది మాత్రం తప్పకుండా చెప్పండి.

గర్భిణులు: అల్ట్రాసౌండ్‌తో అయ్యేది అల్ట్రాసౌండ్‌తోనే. నెల తప్పి డౌట్ ఉన్నా సరే సీటీ టేబుల్ ఎక్కకముందే చెప్పండి, సిగ్గుపడే విషయం కాదు.

ఆయాసంతో వెల్లకిలా పడుకోలేని పెద్దవాళ్ళు: కూర్చోబెట్టి చేయగలిగేది అల్ట్రాసౌండ్ ఒక్కటే. నీరు ఉంటే ముందు అది కొంత తీసి, తేలికపడ్డాక సీటీ పెట్టించుకోవడం ఒక దారి, ఆ నీటిలోనే జబ్బు దొరికితే ముక్క పరీక్షే అక్కర్లేకపోవచ్చు.

మోకాలి ఇంజెక్షన్: ఇక్కడ నేను డబ్బు దాచుకోమంటా. అల్ట్రాసౌండ్‌తో సూది ఇంకా కచ్చితంగా పడుతుంది, అది నిజమే, కానీ మోకాలు చర్మానికి దగ్గరగానే ఉండే పెద్ద కీలు, చేయి తిరిగిన ఆర్థో డాక్టర్ అది లేకుండానే ఇస్తారు, నొప్పి తగ్గడంలో పెద్ద ఫరక్ పడదు. తుంటి కీలు లోతుగా ఉంటుంది, దానికి మాత్రం గైడెన్స్ ఉండాలి.

లివర్ పాడైనవాళ్ళలో కొత్త గడ్డ: అన్నిటికంటే సేఫ్ గైడెన్స్ అసలు సూదే వేయకపోవడం. సిర్రోసిస్ ఉన్నవాళ్ళలో లివర్ క్యాన్సర్‌ని చాలాసార్లు మూడు దశల డై సీటీ లేదా ఎంఆర్ఐ చూసే తేల్చేస్తారు. "సూది తగిలితే క్యాన్సర్ పాకుతుంది" అని ఊళ్ళో అంటారు కదా, చాలా క్యాన్సర్లలో అది అరుదు, ఆ భయంతో బయాప్సీ మానేస్తే ట్రీట్‌మెంటే మొదలుకాదు, కానీ ఈ లివర్ క్యాన్సర్‌లో సూది దారి వెంట కణాలు పడటం వందలో రెండు మూడు కేసుల్లో రిపోర్ట్ అయింది, వృషణం గడ్డకి కూడా సంచి మీద నుంచి సూది వేయరు. కాబట్టి ఈ రెండు చోట్లా సర్జన్ చూడకముందే బయాప్సీకి తొందరపడొద్దు.

ఖర్చు చూసుకునేవాళ్ళు: గైడెన్స్ చార్జ్ ఒక్కటే అడిగి ఊరుకోకండి. బయాప్సీ గన్, పాథాలజీ, ఆ తర్వాత అదే ముక్క మీద జబ్బు రకం తేల్చే ఇమ్యునో టెస్టులు వేర్వేరు బిల్లులు, కొన్నిసార్లు ఇమ్యునోకే ఎక్కువ అవుతుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు, అయితే మీ ప్యాకేజీలో ఈ బయాప్సీ ఉందా లేదా అనేది అడ్మిట్ కాకముందే ఆరోగ్యమిత్ర దగ్గర తేల్చుకోండి.

చివరిగా దూరం నుంచి వచ్చేవాళ్ళకి. కరీంనగర్, నల్గొండ, ఆదిలాబాద్ నుంచి పొద్దున బస్సెక్కి వచ్చి రాత్రికి పోదామనుకుంటారు. థైరాయిడ్ సూదికి పర్లేదు. లివర్, కిడ్నీ, ఊపిరితిత్తి అయితే ఆ రాత్రి సిటీలోనే ఎక్కడైనా ఉండండి, రక్తం కారడం, గాలి చేరడం లాంటివి ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే బయటపడతాయి గానీ కొందరిలో లేటుగా వస్తాయి. భుజం దాకా లాగే నొప్పి, పెరుగుతున్న ఆయాసం, చెమటలు పట్టి కళ్ళు తిరగడం, మూత్రంలో ఎర్రగా గడ్డలు పడటం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా క్యాజువాలిటీకి పోవాలి, ప్రొసీజర్ చేసిన చోటికే పోతే సీడీ, ఫిల్ములు అక్కడే ఉంటాయి కాబట్టి పని తొందరగా అవుతుంది. ఊపిరితిత్తి బయాప్సీలో గాలి చేరినవాళ్ళు అది పూర్తిగా పోయిందని ఎక్స్‌రేలో తేలి, డాక్టర్ ఓకే అనేదాకా శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కొద్దు.